మలుపులో వినిపించే గరగర
కారు తిన్నగా పోయేటప్పుడు చప్పుడు లేకుండా, మలుపులో మాత్రం గరగరమంటే తేలిగ్గా తీసుకోకండి. ఆ శబ్దం ఏ రకానిదో, ఎప్పుడు వస్తుందో గమనిస్తే లోపం ఎక్కడుందో చాలావరకు తెలుస్తుంది.

ఖాళీ మైదానంలో స్టీరింగును పూర్తిగా ఒకవైపు తిప్పి, కారును నెమ్మదిగా గుండ్రంగా నడపండి. టకటకమంటూ, యాక్సిలరేటరు నొక్కగానే ఎక్కువైతే సీవీ జాయింటును అనుమానించాలి. ముందు చక్రం లోపలివైపు దీనికి తొడిగిన రబ్బరు బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది. దుమ్ము, నీరు చేరి జాయింటు అరుగుతుంది. చిరిగిన వెంటనే బూటు మార్చి గ్రీజు నింపితే తక్కువ ఖర్చుతో పోతుంది. ఆలస్యమైతే జాయింటే మార్చాలి.

వేగంతోపాటు పెరిగే గురగుర చాలాసార్లు చక్రం బేరింగుది. కారు ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాలపై పడుతుంది. అప్పుడు శబ్దం ఎక్కువైతే కుడివైపు బేరింగు చూడాలి. కుడికి తిరిగినప్పుడు ఎక్కువైతే ఎడమవైపుది.

బ్రేకు నొక్కినప్పుడు ఇనుము రాసుకున్నట్టుంటే ప్యాడ్లు అరిగిపోయి ఉండవచ్చు. ఒక్కోసారి డిస్కు వెనుక రేకులో ఇరుక్కున్న చిన్న రాయి కూడా ఇలాగే చప్పుడు చేస్తుంది. దాన్ని తీసేస్తే సరిపోతుంది.

బేరింగు పూర్తిగా పాడైతే నడుస్తున్న కారు చక్రం బిగుసుకుపోవచ్చు, ఊడిపోనూవచ్చు. రోగిని ఆసుపత్రికి చేర్చాల్సిన రోజునో, పెద్దవాళ్లతో దూరప్రయాణంలోనో ఆ పరిస్థితి రాకూడదు. అందుకే శబ్దం విన్న వారంలోనే మెకానిక్‌కు చూపించండి. ఏ మలుపులో, ఎంత వేగంలో వినిపించిందో చెప్పండి. అతని పని తేలికవుతుంది, అనవసరంగా సామాన్లు మార్చే ఖర్చు మీకు తప్పుతుంది.