హస్కీకి హైదరాబాద్ ఎందుకు పడదు?

నీలికళ్ల సైబీరియన్ హస్కీని చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. కానీ అది సైబీరియా మంచులో చుక్చీ ప్రజల బండ్లు లాగిన కుక్కల జాతి. ఒంటిమీద రెండు పొరల బొచ్చు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. మన మే నెల ఎండలో దానికెంత కష్టమో! చప్పిడి ముక్కు పగ్ జాతి కుక్కకైతే ఆ రొప్పడమూ సరిగా సాగదు. పైగా హస్కీకి రోజూ బోలెడంత పరుగు కావాలి. ఫ్లాట్‌లో బంధిస్తే ఊళ పెడుతుంది, సోఫాలు చింపుతుంది.

మన వీధికుక్కది పొట్టి బొచ్చు, ఈ ఎండకు అలవాటుపడిన ఒళ్లు. నన్నడిగితే దాని పిల్లనే తెచ్చుకుని టీకాలు వేయించమంటాను.

కుక్క సాధారణంగా 10-13 ఏళ్లు బతుకుతుంది. మీరిప్పుడు 6వ తరగతైతే, రేపు కాలేజీ హాస్టల్‌కి వెళ్లాక దాన్ని వాకింగ్‌కి తీసుకెళ్లేదెవరో అమ్మానాన్నలతో ఇప్పుడే మాట్లాడండి.