ట్యూబ్ ఆంప్ సౌండు పాడైందా? ముందు ఈ అపోహలు వదలండి

గిటార్ ట్యూబ్ ఆంప్ సౌండు కాస్త మారిందంటే చాలు, అందరూ ముందు ట్యూబులనే అనుమానిస్తారు. కంటికి కనిపించేవి అవే, చేత్తో లాగితే ఊడొచ్చేవీ అవే కాబట్టి నింద కూడా వాటిమీదే పడుతుంది. వేలకు వేలు పోసి కొత్త సెట్ తెప్పించి బిగించాక కూడా అదే బొంగురు గొంతు వినబడితే, 'ఈ ఆంప్ పనైపోయింది' అని అయినకాడికి అమ్మేసుకుంటారు. మంచి ఆంప్‌కి అలాంటి గతి పట్టడం నాకు బాధగా ఉంటుంది. అసలు లోపం చాలాసార్లు ఏ జాక్‌లోనో, కేబుల్‌లోనో, నాబ్ తిప్పిన తీరులోనో ఉంటుంది. డబ్బు తీసే ముందు లోపం ఎక్కడుందో ఒక్కో భాగమే పక్కన పెడుతూ వెతకాలి. ఆ వెతుకులాటను తప్పుదోవ పట్టించే నమ్మకాలు కొన్ని చూద్దాం.

అపోహ: సౌండు పాడైతే ట్యూబులన్నీ మార్చేయాలి.

వాస్తవం: ప్రీఆంప్‌లో ఉండే 12ఏఎక్స్7 లాంటి చిన్న ట్యూబులు ఒక్కోసారి పదేళ్లు దాటినా చక్కగా పనిచేస్తాయి. స్పీకర్‌ని నడిపే 6ఎల్6, ఈఎల్34, 6వీ6 లాంటి పెద్దవి అంతకన్నా త్వరగా అరుగుతాయి. అప్పుడు వాల్యూమ్ తగ్గుతుంది, బాస్ వదులవుతుంది, సౌండులో జీవం పోతుంది. నిజమే. కానీ ఇవే లక్షణాలు ఇంకెన్నో కారణాలతోనూ వస్తాయి.

అందుకే ముందు పెడల్సన్నీ తీసేసి, గిటార్‌ని ఒక్క పొట్టి కేబుల్‌తో నేరుగా ఆంప్‌కి కలపండి. ఆ తర్వాత కేబుల్ మార్చి చూడండి, వేరే గిటార్ పెట్టి చూడండి. పొడవైన కేబుల్ వాడితే దాని కెపాసిటెన్స్ ట్రెబుల్‌ని తినేస్తుంది. 'ఆంప్ డల్‌గా ఉంది' అనే ఫిర్యాదు అక్కడితోనే తేలిపోవచ్చు. తేలకపోతే, బాగా పనిచేస్తుందని తెలిసిన ఒక్క 12ఏఎక్స్7 దగ్గర పెట్టుకోండి. ఆంప్ ఆపి, చల్లారాక, ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరున్న సాకెట్‌తో మొదలుపెట్టి ఒక్కో చోట మార్చి వినండి. ప్రీఆంప్ ట్యూబుకి బయాస్ సరిచేయాల్సిన పని లేదు.

గరగర, ఈల లాంటి శబ్దాలకు ఇంకో పరీక్ష ఉంది. ఆంప్ ఆన్‌లో ఉండగా చెక్క పెన్సిల్‌తో ఒక్కో చిన్న ట్యూబునీ మెల్లగా తట్టండి. అన్నీ స్పీకర్‌లో కాస్త టిక్కుమంటాయి, మొదటిది ఇంకాస్త ఎక్కువగా. అందులో కంగారు ఏమీ లేదు. తట్టిన దెబ్బ ఖంగుమని సాగి మోగినా, చిటపటలాడినా దోషి దొరికినట్టే. ఆ ఒక్కటి మారిస్తే చాలు.

అపోహ: గాజు లోపల నీలి వెలుగు కనిపిస్తే ట్యూబు చెడిపోయినట్టు.

వాస్తవం: గాజు లోపలి గోడకు అంటుకున్నట్టుండే నీలి కాంతితో ప్రమాదమేమీ లేదు. మంచి ట్యూబుల్లోనూ అది కనిపిస్తుంది. భయపడాల్సింది ఎరుపుకి. లోపలి బూడిదరంగు లోహపు ప్లేటు కాలి ఎర్రబడుతోందంటే క్షణం ఆగకుండా స్విచ్ ఆపేయండి. బయాస్ తప్పి ఉండొచ్చు, లేదా కప్లింగ్ కెపాసిటర్ లీకై ట్యూబు గ్రిడ్ మీదికి డీసీ వోల్టేజీ వస్తూండొచ్చు. ఆ లోపం సరిచేయకుండా కొత్త ట్యూబు పెడితే అదీ కాలిపోతుంది.

అపోహ: ట్యూబ్ ఆంప్ అన్నాక హమ్ మామూలే.

వాస్తవం: కొద్దిపాటి హిస్, హమ్ ఉంటాయి. కానీ వాయించడం ఆపగానే గదంతా వినబడే హమ్ మామూలు కాదు. ముందు గిటార్ కేబుల్ పూర్తిగా తీసేయండి. చాలా ఆంపుల్లో కేబుల్ లేనప్పుడు ఇన్‌పుట్ దానంతట అదే గ్రౌండ్‌కి కలిసిపోతుంది. అప్పుడు హమ్ పోతే లోపం గిటార్‌లోనో కేబుల్‌లోనో ఉంది. సింగిల్ కాయిల్ పికప్ అయితే గిటార్ పట్టుకుని పక్కకి తిరిగి చూడండి, హమ్ పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. కేబుల్ తీసినా హమ్ అలాగే ఉంటే లోపం ఆంప్‌లోనే.

ఇక్కడ గిటారిస్టు చెవే మీటర్. మన కరెంటు 50 హెర్ట్జ్. ఫిలమెంటు వైరింగ్ నుంచో గ్రౌండింగ్ లోపంతోనో వచ్చే హమ్ 50 హెర్ట్జ్‌లో ఉంటుంది. పవర్ సప్లైలో ఏసీని డీసీగా మార్చాక మిగిలే అల మాత్రం దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్. ఆరో తీగ మూడో ఫ్రెట్‌లో పలికే జి స్వరం 98 హెర్ట్జ్. హమ్ ఆ స్వరానికి ఆనుకుని వినబడితే ఫిల్టర్ కెపాసిటర్లని అనుమానించండి, ఒక స్థాయి కిందుంటే ఫిలమెంటు, గ్రౌండింగ్ చూడండి. ఆంప్ విప్పకుండానే ఇంత సమాచారం చెవికి దొరుకుతుందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఫిల్టర్ కెపాసిటర్లలోని ఎలక్ట్రోలైట్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతుంది. అప్పుడు హమ్‌తో పాటు బాస్ మెత్తబడిపోతుంది. పైతీగల మీద గట్టిగా వాయిస్తే స్వరం వెనకాల శ్రుతి తప్పిన ఇంకో స్వరం నీడలా వినబడుతుంది. ఇరవై, ముప్పై ఏళ్ల ఆంప్‌లో అది వినబడుతుంటే ఎంత ఖరీదైన ట్యూబులు వేసినా ఫలితం ఉండదు. కెపాసిటర్లు మార్పించాల్సిందే.

అపోహ: నాబులన్నీ మధ్యలో పెడితే అసలైన సౌండు వస్తుంది.

వాస్తవం: ఫెండర్ తరహా టోన్ సర్క్యూట్‌లో అన్నీ 5 దగ్గర పెడితే మిడ్స్ బాగా లోతుకి పోతాయి. ట్విన్ రివర్బ్ లాంటి ఆంప్‌లో దాదాపు సమతలంగా వినాలంటే బాస్, ట్రెబుల్ బాగా తగ్గించి మిడిల్ పూర్తిగా పెంచాలి. చూడ్డానికి వింతగా ఉన్నా ఆ సర్క్యూట్ నడక అంతే. బ్యాండ్‌లో మీ గిటార్ వినబడకుండా పోతుంటే కారణం తరచుగా ఇదే. వాల్యూమ్ కాదు, మిడ్స్ పెంచండి.

ఇంట్లో తక్కువ వాల్యూమ్‌లో సౌండు గుచ్చుకునేలా ఉండటానికి ఇంకో కారణం, కొన్ని ఆంపుల్లో వాల్యూమ్ నాబుకి ఉండే బ్రైట్ కెపాసిటర్. నాబ్ కింద ఉన్నప్పుడే అది ట్రెబుల్‌ని ఎక్కువగా పంపుతుంది, పైకి తిప్పేకొద్దీ దాని ప్రభావం తగ్గిపోతుంది. మీరెక్కడ నిలబడి వింటున్నారో కూడా చూసుకోండి. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చిలైటులా సూటిగా ముందుకి విసురుతుంది. నేలమీద పెట్టిన ఆంప్ మీ మోకాళ్లకి వాయిస్తోంది కాబట్టి మీరు ట్రెబుల్ పెంచుతూ పోతారు, ఎదురుగా కూర్చున్నవాళ్ల చెవులు అదిరిపోతాయి. ఆంప్‌ని వెనక్కి వంచి పెట్టి, అప్పుడు నాబులు తిప్పండి.

అపోహ: సౌండు వస్తూ పోతూ ఉంటే పెద్ద రిపేరే.

వాస్తవం: ఎఫెక్ట్స్ లూప్ ఉన్న ఆంప్ అయితే వెనకున్న సెండ్, రిటర్న్ జాకులని ఒక చిన్న ప్యాచ్ కేబుల్‌తో కలపండి. సౌండు ఒక్కసారిగా నిండుగా వచ్చిందంటే రిటర్న్ జాక్‌లోని స్విచ్ కాంటాక్ట్ మురికి పట్టింది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్లగ్గుని నాలుగైదుసార్లు పెట్టి తీస్తే చాలావరకు సరైపోతుంది.

అపోహ: పాత స్టాకు యూరప్ ట్యూబులు పెడితే ఏ ఆంపైనా మారిపోతుంది.

వాస్తవం: ముల్లార్డ్, టెలిఫంకెన్ ట్యూబులు మంచివే. కానీ స్పీకర్ మారిస్తే వచ్చే తేడా ముందు ఆ తేడా చాలా చిన్నది. అంత డబ్బు పెట్టేవారు ముందు స్పీకర్ని పరీక్షించుకోవాలి. రెండు స్పీకర్లున్న క్యాబినెట్‌లో బాస్ పలచబడితే వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి. ఆంప్ నుంచి క్యాబినెట్‌ని విడదీసి, వైర్లకి 9 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి. రెండు కోన్‌లూ ఒకే వైపుకి కదలాలి. ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ కదిలితే ఒకదాని వైర్లు తిప్పి పెట్టాలి. స్పీకర్‌కి గిటార్ కేబుల్ వాడొద్దు. స్పీకర్ కలపకుండా ఆంప్ అసలే మోగించొద్దు, ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

అపోహ: అమెరికా ఆంప్‌కి స్టెప్‌డౌన్ పెడితే అంతా సరి.

వాస్తవం: బంధువులు అక్కణ్నుంచి తెచ్చే 120 వోల్టుల ఆంప్‌కి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. అయితే అది చాలినంత పెద్దదై ఉండాలి. 22 వాట్ల ఆంప్ గోడ నుంచి లాగేది 100 వాట్లు దాటొచ్చు. వెనక ప్లేటు మీద రాసిన వినియోగం చూసి, అంతకు మించినది కొనాలి. రెండు పిన్నుల స్టెప్‌డౌన్ కొంటే ఆంప్‌కి ఎర్త్ అందదు. హమ్ పెరుగుతుంది. గిటార్ పట్టుకుని మైకు దగ్గరికి వెళ్లిన గాయకుడి పెదవులకి షాక్ కొట్టేది ఇలాంటి చోటే. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరగ్గొట్టేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని ఎప్పుడూ చేయొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

అపోహ: ప్లగ్ పీకేశాం కదా, లోపల చెయ్యి పెట్టొచ్చు.

వాస్తవం: ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టులు, అంతకు పైన కూడా నిలిచి ఉండొచ్చు. ప్లగ్ తీశాక కూడా అది చాలాసేపు పోకపోవచ్చు. ట్యూబులు, కేబుళ్లు, జాకుల పరీక్షలు మీరు చేసుకోండి. చాసిస్ విప్పే పని, పవర్ ట్యూబుల బయాస్ పని మాత్రం ట్యూబ్ ఆంపులు తెలిసిన మెకానిక్‌కి ఇవ్వండి. ఆయన ముందుగా రెసిస్టర్‌తో కెపాసిటర్లని డిశ్చార్జ్ చేసి, మీటర్ పెట్టి కొలిచి, ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ లోపల పెడతాడు. అలా చేయనివాడికి మీ ఆంప్ ఇవ్వకండి.