పూవు ఎరుగని తీగ: మన మనీ ప్లాంటు

విజయవాడలోనైనా, చికాగో శివారులోనైనా తెలుగువారి ఇంట కిటికీ దగ్గర సీసాలో నీళ్ళు పోసి పెంచే తీగ ఒకటి తరచుగా కనబడుతుంది. మనం దానిని మనీ ప్లాంటు అంటాం. అడిగి తెచ్చుకున్న దానికన్నా పొరుగింటినుండి దొంగిలించి తెచ్చిన కొమ్మే అచ్చివస్తుందని ఒక నమ్మిక. అమెరికా దుకాణాలలో ఆ పేరు చెబితే వేరే మొక్కను చూపవచ్చు. ఇక్కడివారు దీనిని పోథోస్ అనీ, ఎంత చీకటిలోనైనా పచ్చగా బ్రతుకుతుంది గనుక డెవిల్స్ ఐవీ అనీ పిలుస్తారు. మనకు లక్ష్మీప్రదమైనది వీరికి దయ్యపు తీగ అయింది!

పేరు విషయంలో శాస్త్రజ్ఞులు సైతం తికమకపడ్డారు. 1880లో పోథోస్ ఆరియస్ అన్నారు, తరువాత స్కిండాప్సస్ అన్నారు. 1962లో దాని పూవును చూసే అవకాశం కలిగాక రాఫిడోఫోరా అన్నారు. 1964లో ఎపిప్రెమ్నం ఆరియం అనే నామం వచ్చింది. వృక్షాల వర్గీకరణకు ముఖ్యాధారం పుష్పం. ఈ తీగ పూయడమే అత్యంత అరుదు. ఇక ఏ కుదురుకు చెందినదో నిర్ణయించడం ఎలా?

ఎందుకు పూయదన్న ప్రశ్నకు 2016లో సమాధానం దొరికింది. మొక్కలలో జిబ్బరెల్లిన్ అనే హార్మోను ఉంటుంది. దానిని తయారుచేయడంలో తోడ్పడే ఒక జన్యువు ఈ తీగలో సరిగా పనిచేయడం లేదు. పరిశోధకులు ఆ హార్మోనును బయటినుండి పిచికారీ చేయగా తీగ పూసింది. పూవు లేకుంటే విత్తనం లేదు. విత్తనం లేకుంటే కొమ్మను తుంచి నాటడమొక్కటే మార్గం. పసిఫిక్ మహాసముద్రంలోని సొసైటీ దీవులలో మోరియా అనే చిన్న ద్వీపం దీని పుట్టినిల్లు. అక్కడినుండి ఉష్ణదేశాలన్నిటికీ, అటుపై ప్రపంచంలోని వరండాలకూ ఇది కొమ్మలుగానే వ్యాపించింది. అప్పుడప్పుడు కణాలలో కలిగే మార్పులవల్ల రంగు మారిన రకాలు పుడుతున్న మాట నిజమే. అయినా మీ ఇంటి తీగ మరెవరి ఇంటి తీగలోనో ఒక తునక.

ఈ సత్యం నాకు అనుభవపూర్వకంగా తెలిసింది. 1993లో చికాగో ప్రాంతానికి వచ్చిన కొత్తలో ఒక మిత్రుడు రెండు కొమ్మలిచ్చారు. ఇంటి దగ్గర తులసికి పోసిన అలవాటు చొప్పున దానికీ ప్రతి ఉదయం చెంబెడు నీళ్ళు పోశాను. శీతకాలం వచ్చింది, పగలు కుదించుకుపోయాయి, తీగ పెరుగుదల మందగించింది. నా చెంబు మాత్రం ఆగలేదు. ఆకులు పసుపురంగుకు తిరిగితే దాహమనుకొని మరింత పోశాను! జనవరి నాటికి వేళ్ళు కుళ్ళి కంపు కొట్టాయి. అదృష్టవశాత్తు వేసవిలో ఆ తీగనుండే ఒక కొమ్మ తుంచి ఎదురింటావిడకు ఇచ్చి ఉన్నాను. ఆమె దగ్గరనుండి తిరిగి తెచ్చుకున్న తునకే నేటికీ మా ఇంట ఉన్నది. చచ్చినదీ అదే, బ్రతికినదీ అదే.

కాబట్టి మొదటి జాగ్రత్త నీటి విషయంలోనే. కుండీలోకి వేలు దించి చూడండి. అంగుళం రెండంగుళాల లోతున మట్టి పొడిగా తగిలినప్పుడే నీరు పోయాలి. కుండీ అడుగున రంధ్రం ఉండి తీరాలి. సీసాలోని నీళ్ళలో వేళ్ళు కుళ్ళనిది మట్టిలో ఎందుకు కుళ్ళుతాయని అడగవచ్చు. నీటిలో మొలిచిన వేరు ఆ నీటికే అలవాటుపడి పెరుగుతుంది. మట్టిలో పెరిగిన వేరుకు మట్టిరేణువుల నడుమ గాలి కావాలి, నిలువనీరు ఆ గాలిని తరిమివేస్తుంది. కొమ్మను నాటేటప్పుడు కణుపు ఉండేట్లు తుంచాలి. వేరు పుట్టేది కణుపు దగ్గరే. కణుపు లేని ఆకును ఎన్నాళ్ళు నీటిలో ఉంచినా తీగ రాదు.

ఉష్ణోగ్రత 65 నుండి 85 ఫారెన్‌హీట్ డిగ్రీల మధ్య ఉంటే దీనికి హాయి. 50కి తగ్గితే ఆకులు దెబ్బతింటాయి గనుక శీతకాలంలో ఆకు కిటికీ అద్దానికి తగలనీయకండి. నేరుటెండ పనికిరాదు. అలాగని మరీ చీకటి మూలన పెడితే ఆకుమీది పసుపుచారలు తగ్గిపోతాయి. ఆ చారలలో పత్రహరితం తక్కువ. వెలుతురు కరవైనచోట తీగకు పచ్చని భాగమే ఆధారం.

ఆకుల పరిమాణం మరొక వింత. అడవిలో చెట్టెక్కిన తీగకు ఆకులు మూరెడుకు మించి పెరిగి, అంచులు చీలి ఉంటాయి. మన ఇళ్ళలో కనిపించేది దాని బాల్యావస్థ మాత్రమే. క్రిందికి వేలాడదీస్తే ఆకులు చిన్నవవుతాయి. నాచు చుట్టిన కర్రను ఆసరాగా ఇచ్చి, తగినంత వెలుతురు చూపితే పెద్దవవుతాయి.

ఇది గాలిని శుద్ధి చేస్తుందని చాలామంది విశ్వాసం. దానికి మూలం 1989లో నాసా వెలువరించిన ప్రయోగఫలితం. అయితే అది మూసివేసిన చిన్న గదులలో జరిగింది. తలుపుల సందులగుండా సహజంగా జరిగే గాలిమార్పిడితో సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావాలని 2019లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంవారు లెక్కగట్టారు. ఇక మనం నిలబడేదెక్కడ? కిటికీ తెరవడమే సులువు. కుందేలు జన్యువునొకదాన్ని ఈ తీగలో ప్రవేశపెట్టి బెంజీన్, క్లోరోఫారంలను విచ్ఛిన్నం చేయించారు వాషింగ్టన్ విశ్వవిద్యాలయంవారు, 2018లో. మన సీసాలోని తీగకు ఆ శక్తి లేదు.

పసిపిల్లలున్న ఇంట ఒక హెచ్చరిక అవసరం. ఈ తీగ కంద, చేమ కుటుంబానికి చెందినది. కందకు దురద కలిగించే కాల్షియం ఆక్సలేట్ సూదులే దీని ఆకులలోనూ, కాడలలోనూ ఉన్నాయి. నమిలితే నోరు, నాలుక మండి వాచిపోతాయి. పిల్లులకూ కుక్కలకూ ఇదే బాధ. వెంటనే నోరు కడిగించి, అమెరికాలోనైతే 1-800-222-1222కు ఫోను చేసి విషనివారణ కేంద్రం సలహా తీసుకోవాలి. ఊపిరి అందకపోతే మాత్రం 911కే.

మా మనుమరాలు పాకడం మొదలుపెట్టిన నాడు కర్రను పీకివేసి, కుండీని పైకప్పు కొక్కేనికి తగిలించాను. అరచేయంత ఉన్న ఆకులు ఇప్పుడు తమలపాకంతకు వచ్చాయి. ఆ పిల్ల బడికి వెళ్ళేదాకా అవి అలాగే ఉంటాయి.