అద్దె ఇంటికి స్కర్టింగ్: ఎండీఎఫా, టైలా?

గోడా నేలా కలిసే చోట 4 అంగుళాల పట్టీ ఉంటుంది కదా, అదే స్కర్టింగ్. అద్దెకిచ్చే ఫ్లాట్ బాగుచేయించేటప్పుడు చాలామంది దీన్ని చివర్లో, మిగిలిన డబ్బుతో కానిచ్చేస్తారు. తీరా ఖాళీ చేసే రోజున అడ్వాన్స్ దగ్గర గొడవ. "మీరే పాడుచేశారు" అని ఓనర్, "తడికి అదే ఉబ్బిందండీ" అని అద్దెకున్నవాళ్లు.

ఫారిన్ వీడియోల్లో తెల్లటి ఎండీఎఫ్ స్కర్టింగ్ భలే ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ అది చెక్కపీచుని జిగురుతో నొక్కి చేసిన బోర్డు. మనం రోజూ తడిగుడ్డ పెడతాం, పండగొస్తే బకెట్లతో కడుగుతాం. కింది అంచు నీళ్లు పీల్చిందంటే ఉబ్బుతుంది, ఆరినా మళ్లీ మామూలు అవ్వదు. ఇక చెదలు సరేసరి. పీవీసీకి నీళ్లతో ప్రాబ్లం లేదు గానీ, ఇల్లు మారేటప్పుడు ఫ్రిజ్ గట్టిగా తగిలితే సొట్ట పడుతుంది.

నా ఓటు ఫ్లోర్ టైల్‌కే. 2 అడుగుల టైల్ కోయిస్తే దాదాపు 4 అంగుళాల పట్టీలు 6 వస్తాయి, అంటే 12 అడుగులు. 10 బై 12 గది చుట్టుకొలత 44, తలుపుకి 3 తీసేస్తే 41. విరిగేవి పక్కన పెడితే, 4 టైల్స్ చాలు!

మేస్త్రీ దగ్గర మాత్రం నిలబడండి. టైల్ గమ్ చుక్కలుచుక్కలుగా కాకుండా వెనకంతా పట్టించాలి. ఆరాక నాణెంతో తట్టండి. డొల్ల శబ్దం వస్తే మొహమాటపడకుండా పీకించి మళ్లీ వేయించండి. అదే బ్యాచ్ టైల్స్ ఇంకో రెండు అటక మీద దాచండి, తర్వాత ఆ షేడ్ దొరకదు.