పరుపు కొనేముందు గది కొలవాలి

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. పగలంతా పొలంలో వంగి పనిచేసినవాడికి నులక మంచమైనా ఒకటే, పట్టె మంచమైనా ఒకటే. కాని పరుపు కొనేవాడికి మాత్రం అన్నీ ఒకటి కావు. పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే అమ్మాయి సామానుతోపాటు మంచం, పరుపు కొనడం పల్లెల్లో మామూలు. అప్పుచేసి కొన్న ఆ పరుపు అత్తవారింటి గదిలో పట్టక వసారాలో పడి ఉండటమూ అక్కడక్కడా చూస్తున్నదే.

కారణం పెద్దదేమీ కాదు. పరుపు కొనేది ఒక ఇంటివారు, అది పరవవలసింది మరో ఇంటి గదిలో. గది కొలత అడగడానికి పిల్ల తండ్రికి మొహమాటం. తానుగా చెప్పాలన్న ఆలోచన పిల్లవాడి తండ్రికి రాదు. "బావగారూ, అబ్బాయి గది పొడవు, వెడల్పు ఎంతో చెబుతారా, మంచం పురమాయించాలి" అని అడిగితే పోయే మర్యాద లేదు. అడగకపోతే డబ్బూ పోతుంది, కాపురానికి వెళ్లిన పిల్ల నలుగురితో మాటా పడవలసి వస్తుంది.

నులక మంచం నాటి లెక్క వేరు

పూర్వం ఈ చిక్కు లేదు. నులక మంచం, నవారు మంచం రాత్రికి వాల్చుకుని తెల్లవారగానే గోడకు నిలబెట్టేవారు. వేసవి వస్తే ఆరుబయటికి మోసుకుపోయేవారు. బూరుగు దూది పరుపును చుట్టచుట్టి పక్కన పెడితే పగలు గదంతా ఖాళీయే. ఇప్పటి పెట్టె మంచం వేసినచోటు నుంచి కదలదు. కొబ్బరిపీచు పరుపు, స్ప్రింగు పరుపు మడిస్తే పాడవుతాయి. రాత్రి ఎంత చోటు కావాలో పగలూ అంత చోటు వదులుకోవలసిందే.

గదులు చూస్తే చిన్నవి. తెలంగాణలో 2024లో ప్రారంభించిన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గరాదన్నది నిబంధన. అంతకుముందు కట్టించిన రెండు పడక గదుల ఇళ్లు 560 చదరపు అడుగులవి. హాలు, వంటగది, స్నానాల గది పోగా పడక గదికి పదడుగుల చదరం దక్కితే మేలే.

అయిదడుగుల సూత్రం

దుకాణాల్లో పరుపులకు సింగిల్, డబుల్, క్వీన్, కింగ్ అని పేర్లు. పేరు చూసి కాక అంగుళాలు అడిగి కొనాలి. వెడల్పు మామూలుగా సింగిల్ 36, డబుల్ 48, క్వీన్ 60, కింగ్ 72 అంగుళాలు. పొడవు 72, 75, 78 అంగుళాల్లో దొరుకుతుంది.

పదడుగుల గది అంటే 120 అంగుళాలు. 72 అంగుళాల పరుపు వేసే మంచం, రెండువైపుల పట్టెలు కలిపి సుమారు 76 అంగుళాలు ఉంటుంది. దాన్ని ఒక గోడకు చేర్చి వేసినా మిగిలేది 44. ఎదురు గోడకు 20 అంగుళాల లోతున్న బీరువా నిలిపితే దారి రెండడుగులే. బీరువా తలుపు తెరిస్తే మనిషి నిలబడటానికే కష్టం. అదే గదిలో 60 అంగుళాల పరుపు వేస్తే మూడడుగుల దారి మిగులుతుంది. పడుకునే ఇద్దరికీ చెరి రెండున్నర అడుగులు వస్తాయి.

దీన్నిబట్టి లెక్క సులువు. పరుపు వెడల్పుకు అయిదడుగులు కలిపితే ఎంతో, గది కనీసం అంత వెడల్పు ఉండాలి. తొమ్మిదడుగుల గదికి నాలుగడుగుల పరుపు, పదడుగుల గదికి అయిదడుగులది, పదకొండుకు ఆరడుగులది.

పొడవు సంగతికి వస్తే, పడుకునేవారి ఎత్తుకు ఆరంగుళాలు కలుపుకోవాలి. అయిదడుగుల పది అంగుళాల అబ్బాయికి 72 చాలదు, 78 తీసుకోవాలి. ఉత్తరానికి తల పెట్టుకోరాదని మన ఇళ్లలో పట్టింపు ఉంది గనుక, మంచం ఎటు తిప్పి వేస్తారో ముందే అనుకుని ఆ ప్రకారం గదిని కొలవాలి.

ముగ్గుపిండితో పరీక్ష

జానలు, మూరలు మనిషికో రకం. టేపుతోనే కొలవాలి. తర్వాత నేల మీద ముగ్గుపిండితో మంచం ఎంతో అంత గీత గీసి, బీరువా చోటు కూడా గీసుకోవాలి. గది తలుపు, బీరువా తలుపు, కిటికీ రెక్కలు తెరిచి చూడాలి. ఏది గీత దాటి వచ్చినా పరుపు వెడల్పు తగ్గించుకోవాలి. గుమ్మం వెడల్పు, మేడ మెట్ల మలుపు కూడా చూసుకోవాలి.

వడ్రంగికి మంచం చెప్పేముందే పరుపు కొలత ఖాయం చేసుకోవాలి. మంచం లోపలి కొలత తక్కువైతే పరుపు అంచు పైకి లేస్తుంది. ఎక్కువైతే పక్కన సందు పడుతుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో మంచం పక్కనైనా, గోడ పక్కనైనా అలాంటి సందు ప్రమాదం. పిల్లవాడు దొర్లి అందులో ఇరుక్కుంటే ఊపిరాడదు.

పాత మంచం ఉన్నవారు దాని కొలతకే దూది పరుపు కుట్టించుకోవచ్చు. దూది ఉండలు కడితే మళ్లీ ఏకించుకోవచ్చు. ఆరడుగుల మంచానికి ఒకే పరుపు బదులు 36 అంగుళాలవి రెండు వేసుకుంటే, ఎండకు వేయడానికి ఆడవాళ్లకు మోత తగ్గుతుంది. ముసలివారు పడుకునే మంచమైతే, పరుపుతో కలిపి ఎత్తు మోకాలికి మించరాదు. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి.

లగ్నపత్రిక రాసుకునే రోజున పిల్లవాడి తరఫువారే గది, గుమ్మం కొలతలు ఒక కాగితం మీద రాసి పిల్లవారికి ఇస్తే అడిగే మొహమాటం కూడా ఉండదు. ఆ కాగితం దుకాణానికి తీసుకువెళ్లి, పరుపు కొలతలు అంగుళాల్లో బిల్లు మీద రాయించుకోవాలి. పట్టకపోతే మార్చి ఇస్తారో లేదో బయానా ఇవ్వకముందే అడగాలి. కొలత ఇచ్చి ప్రత్యేకంగా చేయించిన పరుపును సాధారణంగా వెనక్కి తీసుకోరు.