డ్రైవరు లేని కారు: క్షేమమెంత? భవిష్యత్తు ఏమిటి?

కొడికొండ చెక్‌పోస్టు దాటి 44వ నంబరు జాతీయ రహదారిపై బెంగళూరు వైపు సాగే అద్దె కార్లలో సరిహద్దు పల్లెల యువకులు డ్రైవర్లుగా కనిపించడం సర్వసాధారణం. వాన నమ్మలేని ఈ ప్రాంతంలో ఎన్నో కుటుంబాలకు సేద్యం తరువాత ఆధారం స్టీరింగే. అందువల్లనే ‘కారు తనంతట తానే నడుస్తుందట’ అన్న వార్త వచ్చినప్పుడల్లా ఈ ఇళ్లలో రెండు సందేహాలు తలెత్తుతున్నాయి. అటువంటి కారు దారిన పోయేవారికి క్షేమమేనా? అది వస్తే డ్రైవరు బ్రతుకు ఏమవుతుంది? వీటికి సమాధానం తెలియాలంటే ముందుగా ఆ కారు దారిని ఎలా చూస్తుందో గ్రహించాలి.

యంత్రానికి చూపు ఎలా వస్తుంది?

చోదకరహిత కారుకు కెమెరాలే కళ్లు. వాటికి తోడు రేడియో తరంగాలను పంపి ఎదుటి వస్తువు దూరాన్నీ వేగాన్నీ కొలిచే రాడార్ ఉంటుంది. కొన్ని కార్లలో లేజర్ కిరణాలతో చుట్టుపక్కల ఆకారాన్ని గుర్తించే లైడార్ కూడా ఉంటుంది. ఈ సమాచారమంతా కారులోని కంప్యూటరుకు చేరుతుంది. ఎదురుగా ఉన్నది మనిషా, లారీయా, నీడా అని అది నిర్ణయించి బ్రేకును, స్టీరింగును నడిపిస్తుంది.

అయితే ఈ గుర్తింపు యంత్రానికి పుట్టుకతో వచ్చినది కాదు. వేలాది రహదారి చిత్రాలలో ‘ఇది బస్సు, ఇది మనిషి, ఇది కాలిబాట’ అని మనుషులు గుర్తులు పెట్టి దానికి నేర్పిస్తారు. పలకపై దిద్దని అక్షరాన్ని పిల్లవాడు చదవలేనట్లే, నేర్పని వస్తువును యంత్రం సరిగా పోల్చుకోలేదు. ఈ పరిశోధనలకు తొలినాళ్లలో ఎక్కువగా ఉపయోగపడినవి ఐరోపా, అమెరికా నగరాల చిత్రాలు. అక్కడి వీధులలో మన ఆటోరిక్షా ఎక్కడిది?

ఈ లోటు తీర్చడానికి హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ సంస్థతో కలిసి 2018లో భారతీయ రహదారుల చిత్రాల భాండారాన్ని విడుదల చేసింది. హైదరాబాదు, బెంగళూరు నగరాలలోనూ వాటి శివార్లలోనూ కారు ముందు కెమెరా అమర్చి తిప్పి, 182 ప్రయాణాల నుండి పది వేలకు పైగా చిత్రాలను సేకరించారు. వాటిలోని వస్తువులను 34 తరగతులుగా విభజించారు. ఆటోరిక్షాకూ, జంతువులకూ అందులో ప్రత్యేక స్థానం లభించింది. అయినప్పటికీ కోతల కాలంలో తారురోడ్డుపై పరచిన రాగి కంకులను చూసి, అది గడ్డా, గుంటా, పోదగిన దారా అని తేల్చుకోవడం యంత్రానికి సులభం కాదు. పల్లె డ్రైవరుకు అది ఒక్క చూపులో తెలిసే విషయం.

భద్రత: రెండు వైపులా చూడాలి

యంత్రం మద్యం సేవించదు, నిద్రపోదు, ఫోను మాట్లాడదు. మన దేశంలో ఒక్క 2022లోనే 4,61,312 రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక తెలుపుతున్నది. మరణాలలో 70 శాతానికి పైగా అతివేగం వల్ల సంభవించినవే. ఈ మానవ తప్పిదాలను తగ్గించగల యంత్రాన్ని తేలికగా తోసిపుచ్చరాదు. అమెరికాలోని ఫీనిక్స్, శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలెస్ నగరాలలో వేమో సంస్థ కార్లు డ్రైవరు లేకుండానే ప్రయాణికులను చేరవేస్తున్నాయి.

మరొక వైపు చేదు అనుభవాలూ ఉన్నాయి. 2018 మార్చిలో అరిజోనా రాష్ట్రంలోని టెంపీ పట్టణంలో, ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు రాత్రివేళ సైకిలు నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్న ఒక మహిళను ఢీకొనగా ఆమె మరణించింది. ఎదుట ఉన్నది వాహనమా, సైకిలా, మరొకటా అని కంప్యూటరు మాటిమాటికీ అభిప్రాయం మార్చుకున్నదని దర్యాప్తులో వెల్లడైంది. పర్యవేక్షణకు కూర్చున్న మనిషి ఆ సమయంలో ఫోను చూస్తున్నట్లు కూడా తేలింది. 2025లో ఆస్టిన్ నగరంలో, పిల్లల కోసం ఆగిన బడి బస్సులను వేమో కార్లు ఆగకుండా దాటిపోతున్నాయని పాఠశాలల యంత్రాంగం ఫిర్యాదు చేయడంతో ఆ సంస్థ తన సాఫ్ట్‌వేరును సరిదిద్దవలసి వచ్చింది.

అసలు ప్రమాదం నడిమెట్టులోనే

కార్ల స్వయంచాలక శక్తిని 0 నుండి 5 వరకు ఆరు మెట్లుగా లెక్కిస్తారు. 0లో భారమంతా మనిషిదే. 1లో వేగానికో, స్టీరింగుకో ఒక్కదానికే యంత్రం సాయపడుతుంది. 2లో రెండింటికీ సాయపడుతుంది, కాని మనిషి చూపు దారిపైనుండి మరలరాదు. 3లో కొన్ని పరిస్థితులలో యంత్రమే నడుపుతుంది, పిలిచినప్పుడు మనిషి అందుకోవాలి. 4లో నిర్ణీత ప్రాంతంలో మనిషి అవసరం లేదు. 5లో ఎక్కడైనా అవసరం లేదు. ఈ చివరి మెట్టును ఇంతవరకు ఏ కారూ ఎక్కలేదు.

మన దేశంలో ‘అడాస్’ అనే పేరుతో పలు కార్లలో వస్తున్న సదుపాయాలు 2వ మెట్టును మించనివి. అడ్డం వస్తే తానే బ్రేకు వేయడం, గీత దాటకుండా స్టీరింగు సరిచేయడం, ముందు వాహనాన్ని బట్టి వేగం మార్చుకోవడం వీటి పని. ఇవి సాయం చేసేవే గాని బాధ్యత తీసుకునేవి కావు. గీతలు చెరిగిన రోడ్డుపై గీతను పట్టి నడిచే సదుపాయం పనిచేయదు. కెమెరాకు బురద కమ్మితే చూపు పోతుంది. కారు హఠాత్తుగా బ్రేకు వేసినప్పుడు వెనుకనే వచ్చే ద్విచక్ర వాహనదారుడికి అపాయం కలుగవచ్చు. ఇది తెలియక ‘కారే చూసుకుంటుంది’ అని చేతులు వదిలే డ్రైవరు, ఏ సదుపాయమూ లేని పాత కారు డ్రైవరు కంటే ప్రమాదకరం. టెంపీ సంఘటన నేర్పిన పాఠమూ ఇదే.

బెంగళూరులో ఏం జరుగుతున్నది?

మైనస్ జీరో అనే బెంగళూరు సంస్థ 2023 జూన్‌లో స్టీరింగు లేని, ప్రధానంగా కెమెరాలపై ఆధారపడే జెడ్‌పాడ్ అనే వాహన నమూనాను ప్రదర్శించింది. విప్రో, భారతీయ విజ్ఞాన సంస్థ, ఆర్.వి. ఇంజనీరింగ్ కళాశాల కలిసి రూపొందించిన చోదకరహిత కారు నమూనా 2025 అక్టోబరులో వెలుగు చూసింది. తెలుగు గడ్డపై ఐఐటీ హైదరాబాదులో ఇటువంటి వాహనాలను పరీక్షించే ప్రత్యేక క్షేత్రం 2022 జూలైలో ప్రారంభమైంది. ఇవన్నీ ప్రయోగ దశకు చెందినవే.

2025 ఆగస్టులో ఆర్.వి. రోడ్డు నుండి బొమ్మసంద్ర వరకు ప్రారంభమైన మెట్రో పసుపు మార్గంలోని రైళ్లకు మాత్రం డ్రైవరు లేకుండా నడిచే సామర్థ్యం ఉంది. రైలుకు సాధ్యమైనది కారుకు ఎందుకు కాదంటే, రైలు పట్టాలపైకి ఆవు రాదు, ఆటో అడ్డం తిరగదు. సిల్క్ బోర్డు కూడలిలో కారుకు ఆ సౌఖ్యం లేదు.

చట్టం, జీవనోపాధి

1988 నాటి మోటారు వాహనాల చట్టం లైసెన్సు గల మనిషి వాహనం నడుపుతాడన్న భావనపై నిర్మితమైనది. పరిశోధన కోసం కొన్ని వాహనాలకు మినహాయింపు ఇచ్చే వీలును 2019 సవరణ కల్పించింది. కాని మనిషి లేని కారు ప్రమాదం చేస్తే నష్టపరిహారం యజమాని ఇవ్వాలా, తయారీదారు ఇవ్వాలా అన్నదానికి స్పష్టమైన చట్టం రావలసి ఉంది. డ్రైవర్ల ఉపాధి దెబ్బతింటుంది గనుక ఇటువంటి కార్లను దేశంలోకి అనుమతించబోమని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2017లో ప్రకటించి, 2023 డిసెంబరులో మళ్లీ అదే మాట చెప్పారు.

ఆ మాట ఎల్లకాలం నిలుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయితే ఈ మార్పు ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. ప్రాంగణాలు, కర్మాగారాలు, ప్రత్యేక మార్గాలు వంటి హద్దులు గల చోట్ల ముందుగా అడుగుపెట్టి, రద్దీ వీధులకు, పల్లె దారులకు చివరగా చేరే అవకాశమే ఎక్కువ. ఆ మధ్యకాలంలో యంత్రం సాయాన్ని సరిగా వాడుకోగల డ్రైవరుకు గిరాకీ ఉంటుంది. కనుక కొత్త కారు చేపట్టిన యువకుడు దానిలోని ప్రతి సదుపాయం ఎప్పుడు పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో షోరూములో అడిగి తెలుసుకోవాలి. విద్యుత్ వాహనాల నిర్వహణ, భారీ వాహనాల లైసెన్సు వంటి అదనపు అర్హతలు సంపాదించుకోవాలి. ఇంట్లో చదువుకునే పిల్లలుంటే స్టీరింగు సంపాదనలో కొంత వారి చదువుకు కేటాయించడం అన్నిటికంటే మంచి ముందుచూపు.

పల్లెవాసులకూ ఒక జాగ్రత్త అవసరం. ఎడ్లబండికి, ట్రాక్టరు ట్రాలీకి వెనుక మెరిసే పట్టీలు అతికించడం, రాత్రివేళ రోడ్డుపై పంట కుప్పలు వదలకుండా ఉండడం ఈనాటి మనిషి కంటికీ, రేపటి యంత్రపు కంటికీ సమానంగా మేలు చేస్తాయి. కారు ఎంత తెలివైనదైనా, ప్రస్తుతానికి బాధ్యత మాత్రం స్టీరింగు వెనుక కూర్చున్నవాడిదే.