ఆగిన ఊక బాయిలర్ మళ్ళీ రాజుకోవాలంటే

తాడేపల్లిగూడెం వైపు ఏ రైస్‌మిల్లులోనైనా వంద కిలోల ధాన్యం ఆడితే ఇరవై కిలోల దాకా ఊకే వస్తుంది. కిలో ఊకలో మూడు వేల కిలోకేలరీల పైచిలుకు వేడి ఉంటుంది, నాసిరకం బొగ్గుకు ఏమీ తీసిపోదు. ఈ లెక్క చూసుకునే 2000 ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్‌లో ఊకతో, పొలం చెత్తతో నడిచే చిన్న కరెంటు ప్లాంట్లు వరసగా లేచాయి. వాటిలో చాలావరకు ఆరు మెగావాట్లవే. ఊక ధర పెరిగింది, కరెంటు కొనే రేటు దగ్గర పేచీలొచ్చాయి, కొన్ని మూతపడ్డాయి.

మూతపడ్డంత మాత్రాన తుక్కు కిందే లెక్కగట్టనక్కర్లేదు. పంజాబ్‌లోని జల్ఖేరీలో వరిగడ్డితో నడిచే పది మెగావాట్ల ప్లాంటు 1992లో మొదలై, 2007లో ఆగి, పదిహేనేళ్ళకు పైగా పడి ఉండి మళ్ళీ కరెంటిచ్చింది. కాకపోతే ఇలాంటి యంత్రం నడుస్తూ అరిగేదానికన్నా ఊరికే నిలబడి చెడేదే ఎక్కువ.

అన్నిటికన్నా ముందు చెడేది బాయిలర్. ఆపేటప్పుడు డ్రమ్ములో సగం నీళ్ళు వదిలేసి వెళ్ళిపోతే, నీటిమట్టం గీత వెంబడే తుప్పు గుంటలు పడతాయి, గాలిలోని ఆక్సిజన్ నీటిని కలిసేది అక్కడే కాబట్టి. ట్యూబుల పైన పేరుకున్న బూడిద వానాకాలం తేమ పీల్చుకుని అడుగున ఉక్కును కొరుకుతుంది. ఆ బూడిదలో నూటికి తొంభై వంతులు సిలికా. ప్లాంటు నడిచే రోజుల్లో పొగతో పాటు పరుగెత్తుతూ ట్యూబుల వంపుల్ని గరుకు కాగితంలా అరగదీసేదీ అదే. అందుకే బాగుచెయ్యడానికి వచ్చినవాళ్ళు ముందు అల్ట్రాసోనిక్ మీటరు పట్టుకుని వంపు వంపుకీ గోడ మందం కొలుస్తారు. పైకి నున్నగా మెరిసే ట్యూబునే ఎక్కువ అనుమానించాలి.

కొల్లేరు సరస్సు చుట్టుపక్కల ప్లాంట్లకు నీళ్ళదో చిక్కు. కాలువలు పారినన్నాళ్ళూ గోదావరి, కృష్ణ నీళ్ళు దొరుకుతాయి. వేసవిలో కాలువలు కట్టేశాక బోరే దిక్కు. ఉప్పుటేరు మీదుగా సముద్రం పోటు ఎక్కే నేల, చాలాచోట్ల బోరు నీళ్ళు ఉప్పే. అలాంటి నీళ్ళు శుద్ధి చెయ్యకుండా బాయిలర్లోకి పోతే ట్యూబు లోపల గార కడుతుంది. ఉక్కుతో పోలిస్తే గార వేడిని పంపేది పదుల రెట్లు తక్కువ. లోపలి నీరు 260 డిగ్రీల దగ్గర ఉన్నా, వేడి దాటక ట్యూబు లోహం ఎర్రగా కాలి, మెత్తబడి, ఉబ్బి పగులుతుంది. నీటి శుద్ధి ప్లాంటులో లవణాలను పట్టే రెజిన్ మార్చకుండా బాయిలర్‌కు కొత్త ట్యూబులు వేయించే యజమాని డబ్బు దండగ చేసుకుంటున్నట్టే.

ట్యూబులు మార్చాక హైడ్రాలిక్ టెస్టు. గాలితో కాదు, చల్లటి నీళ్ళతో, మామూలుగా నడిచే ప్రెషర్ కన్నా ఎక్కువకు తీసుకెళ్తారు. నీరు నొక్కితే కుదించుకోదు కాబట్టి ఎక్కడైనా పగిలినా పేలదు, చెమ్మ కనిపిస్తుంది, గేజి ముల్లు దిగుతుంది, అంతే. బాయిలర్ ఇన్‌స్పెక్టర్ సంతకం లేనిదే నిప్పు పెట్టకూడదు. ఈ కట్టడికి మూలం 1863లో కలకత్తాలో జరిగిన బాయిలర్ పేలుడు. మరుసటి ఏడాదే బెంగాల్‌లో చట్టం వచ్చింది, 1923లో దేశమంతటికీ ఒకటి, దాని స్థానంలో 2025లో కొత్తది.

టర్బైన్ సంగతి వేరు. రెండు బేరింగుల మీద ఏళ్ళ తరబడి కదలకుండా కూర్చున్న రోటారు మిల్లీమీటరులో వందో వంతులు వంగినా వేగం అందుకోగానే వణుకుతుంది. డయల్ గేజి పెట్టి చేత్తో మెల్లగా తిప్పి చూస్తారు. జనరేటర్ చుట్టలు తేమ పట్టి ఉంటాయి. ఇన్సులేషన్ నిరోధం కొలిచే మెగ్గర్ పెట్టి నిమిషం దగ్గర ఒక రీడింగు, పది నిమిషాల దగ్గర ఇంకొకటి తీస్తారు. రెండోది మొదటిదానికి రెట్టింపైనా ఉంటే ఆరినట్టు. లేదంటే వేడి గాలి పెట్టి ఇంకా ఆరబెట్టాల్సిందే. ఇక్కడ తొందరపడి స్విచ్చి వేస్తే చుట్ట కాలిపోతుంది, ఆ ఖర్చు ముందు మిగతా రిపేర్లన్నీ చిల్లరే.

టర్బైన్‌కు ఆవిరి ఇచ్చేముందు గొట్టాల్లోని తుప్పునీ, వెల్డింగ్ ముక్కల్నీ ఆవిరితోనే బయటికి ఊదేస్తారు. ఎదురుగా నున్నటి రేకు పెడతారు. రేకు మీద దెబ్బల గుంటలు తగ్గేదాకా మళ్ళీ మళ్ళీ ఊదడమే, ఆ హోరు ఊరంతా వినాల్సిందే. ఆ తర్వాత రోటారును నిర్ణీత వేగం దాటించి, దానంతటది ట్రిప్పయి ఆగుతుందో లేదో చూస్తారు.

ఇంతా అయ్యాక ఆరు మెగావాట్లు నిండా నడవాలంటే రోజుకు ఇంచుమించు 180 టన్నుల ఊక కావాలి. అంటే చుట్టుపక్కల మిల్లులన్నీ కలిసి రోజూ 900 టన్నుల ధాన్యం ఆడాలి. మిల్లులు ఆ స్థాయిలో ఆడేది కోతల తర్వాతే, పైగా ఉప్పుడు బియ్యం మిల్లులు తమ ఊక తామే కాల్చుకుంటాయి. కాబట్టి ఊక ఒప్పందాలూ, తడవకుండా నిలవ చేసే షెడ్డూ కుదిరాకే ట్యూబులకు ఆర్డరివ్వడం మేలు.